గురక ఆగినప్పుడల్లా

గోడ గడియారాన్ని చెవికి ఆనించుకుని, లోపల ఏ చక్రానికి పళ్లు అరిగాయో చెప్పేస్తాడని ఆ గడియారాల మెకానిక్‌కి వీధి వీధంతా పేరు. ఆ పేరు ఆయనకి కాస్త తలకెక్కింది కూడా. అంతటి చెవి ఉన్న మనిషి, పక్క గదిలో తొమ్మిదేళ్ల కూతురు గురక పెడుతుంటే, "అచ్చం మా అమ్మ పోలికే!" అని మురిసిపోయేవాడు. గురక ఠక్కున ఆగిపోతే, "అమ్మయ్య!" అనుకుని అటు తిరిగి పడుకునేవాడు.

బడిలో సంగతి వేరు. పిల్ల మొదటి పీరియడ్‌కే బల్ల మీద వాలిపోయేది. లేపితే కస్సుమనేది. నిన్నటి పాఠం ఇవాళ గుర్తుండేది కాదు. వచ్చే ఏడు మళ్లీ ఇదే తరగతి, లేదంటే వేరే బడి చూసుకోమని హెడ్‌మిస్ట్రెస్ తెగేసి చెప్పింది.

"రోజుకి పది గంటలు పడుకుంటుందండీ! ఇంకా నిద్రేమిటి? ఒట్టి బద్ధకం," అని తండ్రి పిల్లల డాక్టరు దగ్గర వాపోయాడు.

డాక్టరమ్మ పిల్ల నోరు తెరిపించి, గొంతులోకి టార్చి వేసి చూసింది. "గురక పెడుతుందా?"

"వాళ్ల నాయనమ్మకి ఏమాత్రం తీసిపోదు," అని తల్లి నవ్వింది.

"మధ్యలో ఆగుతుందా?"

"ఆగుతుంది. అది ఆగితేనే కదండీ మాకు నిద్ర పట్టేది," అన్నాడు తండ్రి.

డాక్టరమ్మ నవ్వలేదు. పొద్దున్నే తలనొప్పి అంటుందా, నోటితో ఊపిరి పీలుస్తుందా, పక్క తడుపుతుందా అని ఒక్కొక్కటే అడిగింది. పిల్ల తల దించుకుంది. అన్నిటికీ అవుననే చెప్పాల్సి వచ్చింది.

"పక్క మీద ఎంతసేపు ఉందో చెప్తున్నారు. అందులో నిద్రపోయింది ఎంతసేపో మనకి తెలీదు. పరీక్ష చేసి చూద్దాం."

పిల్ల తలకీ ఛాతీకీ వైర్లు అంటించి, ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోబెట్టారు. తల్లి తోడుంది. తెల్లవారాక తండ్రి వెళ్లేసరికి టెక్నీషియనమ్మ తెర మీద గీతలు చూపించింది.

"పైది ఊపిరి. ఇదిగో, ఇక్కడ గురక ఆగింది."

ఎగిరెగిరి పడుతున్న గీత చదునుగా సాగిపోయింది. పది సెకన్లు. పదిహేను. తెలియకుండానే ఆయన కూడా ఊపిరి బిగబట్టాడు.

"టాన్సిల్స్ అడ్డుపడి గాలి లోపలికి పోవట్లేదు. ఇప్పుడు కింద చూడండి. అది మెదడు."

కింది గీత ఒక్కసారిగా చెలరేగింది. ఆ వెంటనే పై గీత లేచి నిలబడింది.

"ఎవరు లేపారు?" అన్నాడాయన.

"ఎవరూ లేపలేదండీ. తనే. పూర్తిగా మెలకువ రాదు, గాలి ఆడేంతవరకే. ఈ ఒక్క రాత్రే నూట అరవై రెండుసార్లు."

ఆయన తెర మీదికి వంగి ఆ చదును గీతని మళ్లీ చూశాడు. తాను అమ్మయ్య అనుకుని అటు తిరిగినప్పుడల్లా, ఇటు ఈ పిడికెడు ప్రాణం తనని తానే బతికించుకుంటూ వచ్చిందన్నమాట. ఎవరూ నేర్పలేదు. చేస్తున్నట్టు దానికే తెలియదు. సిగ్గుతో చచ్చిపోవాల్సింది, కానీ ఆ అబ్బురం ముందు సిగ్గు కూడా నిలవలేదు. చేతులు జోడించాలనిపించింది, ఎవరికో తెలియలేదు.

టాన్సిల్స్ తీసేస్తే చాలావరకు నయమవుతుందని, అప్పటిదాకా పిల్లని అదే తరగతిలో ఆపే మాట, బడి మార్చే మాట ఎత్తవద్దని బడికి తానే ఉత్తరం రాస్తానని, గీతలు చూడవచ్చిన డాక్టరమ్మ చెప్పింది.

ఈలోగా పిల్ల లేచింది. జుట్టంతా వైర్లు అంటించిన జిగురు. పరీక్ష అన్న మాట విన్నప్పటినుంచీ దానికి ఒకటే దిగులు. తండ్రి కళ్లలో నీళ్లు చూసి మరీ బెదిరిపోయింది.

"నాన్నా, ఇందులో కూడా ఫెయిలయ్యానా?"

"లేదు తల్లీ," అని ఆయన మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "నూట అరవై రెంటికి నూట అరవై రెండు."