పాత కొలతలు

టైలరమ్మ ప్రతి ఆదివారం దేవుడి కోసం ఒక చోటు పట్టి ఉంచేది. చర్చిలో కుడివైపు మూడో బల్ల, కిటికీ పక్క చివర. ఏడేళ్ళ క్రితం, తల్లి పోయిన నెలకి, అక్కడ కూర్చుని పాట వింటుంటే మూడో చరణం దగ్గర ఒళ్ళు జలదరించింది. కళ్ళవెంట నీళ్ళు ధారకట్టాయి, గుండె మీది బరువంతా దిగిపోయింది. వచ్చింది దేవుడేనని ఆమెకు రవ్వంత అనుమానం లేదు. కాకపోతే ఆయన మళ్ళీ అచ్చం అలాగే రావాలని పట్టుబట్టి కూర్చుంది.

అదే బల్ల, అదే గళ్ళ చీర, అదే పాట. పాట కోసం క్వాయర్ నడిపే ఆడపడుచును వారం వారం బతిమాలేది. పదింటి ఆరాధనకు ఎనిమిదిన్నరకే వచ్చి బల్ల మీద గొడుగు, సంచి పరిచేది. మందుల షాపు వాళ్ళ అత్తగారు, సంఘానికి కొత్త, పాపం తెలియక ఒకసారి అక్కడ కూర్చుంటే, ఫ్యాను గాలి మీకు పడదండీ అంటూ ఎంతో ప్రేమగా లేపి పంపేసింది. ఇంతా చేస్తే ఏడేళ్ళలో ఒక్క చుక్క కన్నీరు రాలేదు.

చర్చి వార్షికోత్సవానికి క్వాయర్ మొత్తానికీ, పాస్టరు గారికీ కొత్త గౌన్లు కుట్టే పని ఆమెకే వచ్చింది. కొలతలు తీసుకోవా వదినా అని ఆడపడుచు అడిగితే, ఎవరి నడుమెంతో నాకు కంఠతా వచ్చులే అంది. నాలుగేళ్ళనాటి కొలతల పుస్తకం తీసి చకచకా కత్తిరించేసింది. ఆఖరి గుండీ కుట్టి దేవుడితో తెగేసి చెప్పింది. "నా వంతు నేను చేశాను ప్రభువా. ఈ ఆదివారం కూడా నువ్వు రాకపోతే నేనిక చర్చికి రాను."

ఆదివారం వచ్చింది. ఆమె అడిగిన పాట మొదలైంది. మొదటి చరణం సాఫీగా సాగింది. రెండో చరణంలో క్వాయరంతా ఒక్కసారి చేతులెత్తింది.

టర్రుమని ఒక చప్పుడు. దాని వెనకే ఇంకొకటి. నాలుగేళ్ళుగా తన కేకులు తానే రుచి చూస్తూ వచ్చిన బేకరీ మామ గౌను మెడ నుంచి నడుము దాకా విచ్చుకుంది. ఆయన మాత్రం ఏమీ ఎరగనట్టు మంద్రంగా పాడుతూనే ఉన్నాడు.

టైలరమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. సూదీ దారం పట్టుకుని, బల్ల వదిలేసి, వంగి వంగి క్వాయర్ వెనక్కి చేరింది. మోకాళ్ళ మీద నిలబడి, పాడుతూ ఊగుతున్న వీపును కుట్టడం మొదలుపెట్టింది. మామ ఊపిరి తీసుకున్నప్పుడల్లా రెండు కుట్లు ఊడుతున్నాయి.

"నెమ్మదమ్మా, గుచ్చితే పాట మారిపోద్ది," అన్నాడాయన పెదవులు కదపకుండా.

అన్నంతా అయింది. సూది దిగింది. ఆయన గొంతు ఆడవాళ్ళ వరుసను కూడా దాటి పైకి లేచిపోయింది. వెనక బల్లల నుంచి ఎవరో పరవశంగా ఆమెన్ అన్నారు.

టైలరమ్మకు నవ్వు తన్నుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఇంతలో పాస్టరు గారు దీవెన ఇవ్వడానికి లేచారు. పాపం ఆయన గౌనూ ఆ పుస్తకంలోని పాత కొలతలదే. మోచేతులు డొక్కలకు అదిమిపెట్టి, అరచేతులు మాత్రం చాచి, ఎంతో గంభీరంగా దీవిస్తున్నారు. ఆమె కడుపు పట్టుకుని నేల మీద చతికిలబడింది. కళ్ళు కారుతున్నాయి. తల్లి పోయాక ఇంతలా నవ్వలేదు. తేలికగా ఉంది, చెప్పలేనంత సంతోషంగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది, మూడో చరణం ఎప్పుడో అయిపోయిందని. తానసలు విననేలేదు. క్వాయర్ కాళ్ళ సందుల్లోంచి తన బల్ల వైపు చూసింది. మందుల షాపు వాళ్ళ అత్తగారు అక్కడ హాయిగా కూర్చుని, కళ్ళు మూసుకుని ఉంది. చెంపలు తడిసి ఉన్నాయి.

టైలరమ్మకు కోపం రాలేదు. నవ్వుతూనే ఏడ్చింది. ఈసారి దేనికోసమూ కాచుకుని కూర్చోలేదు.

ఆరాధన అయ్యాక బేకరీ మామ వెనక్కి తిరిగి, కోప్పడతాడనుకుంటే, టేపు తెచ్చావా అని అడిగాడు. తెచ్చింది. పుస్తకంలో పాత పేజీలన్నీ అడ్డంగా కొట్టేసి, ఒక్కొక్కరినీ నిలబెట్టి, చేతులెత్తమంది. అందరికీ లోపల రెండేసి అంగుళాలు వదులు రాసుకుంది.

"వచ్చే ఆదివారం ఏ పాట పాడమంటావు వదినా?" అంది ఆడపడుచు చేతులెత్తి నిలబడి.

"నీ ఇష్టం," అంది టైలరమ్మ.

ఆ మరుసటి ఆదివారం ఆమె పది నిమిషాలు ఆలస్యంగా వచ్చి, ఖాళీ ఎక్కడుంటే అక్కడ కూర్చుంది. "ఎలా రావాలో నేను చెప్పను," అంది దేవుడితో. "నువ్వు వచ్చెయ్ చాలు."