యలమందయ్య అదిలించిన స్పీడ్ బ్రేకర్

తెల్లారి ముఖం కడుక్కోగానే ఆ ఊళ్లో ఎవరైనా మొదట అడిగేది, ఇవాళ స్పీడ్ బ్రేకర్ ఎక్కడుందని. పొదిలి రోడ్డు మీద అది ఒకచోట కుదురుగా ఉండే రకం కాదు. బడి రోజుల్లో బడి ముందుంటుంది, పెళ్లయితే పందిరి ఎదురుగా, మిరపకోతలప్పుడు కూలీల ఆటోలు ఆగేచోట. దాన్ని ఎవరూ పిలవరు, ఎవరూ తరమరు. దాని పని దానికి తెలుసని వదిలేశారు.

ఆ మధ్యాహ్నం అది వచ్చి యలమందయ్య కందికట్టె కింద పడుకుంది.

ముసలాయన ఏటా చేసేదే చేశాడు. కాయతో ఎండిన కందికట్టెను రోడ్డు మీద పరిచి, పక్కన నిలబడి, వచ్చే ప్రతి బండినీ దాని మీదికి రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. లారీ చక్రం తొక్కితే చాలు, కాయ పగిలి గింజ రాలుతుంది. తీరా చూస్తే స్పీడ్ బ్రేకర్ పుణ్యమా అని బండ్లన్నీ నత్తనడక నడుస్తున్నాయి. కాయ సగం కూడా పగల్లేదు. పడమట మబ్బు పట్టింది. వాన పడితే పంటంతా బురదపాలు.

కర్ర తీసుకుని, గేదెను తోలినట్టు దాన్ని అదిలించాడు.

"హెయ్, లే. ఇంత రోడ్డుంది గదా, నా కట్టె కిందే చోటు దొరికిందా నీకు?"

స్పీడ్ బ్రేకర్ కాసేపు బెట్టు చేసింది. తర్వాత మెల్లగా కదిలి, ఊరవతల చప్టా దాటి పడుకుంది. అలిగినట్టే ఉంది. యలమందయ్య పట్టించుకోలేదు.

ఇక చూడాలి బండ్ల జోరు. మిర్చి బస్తాలతో గుంటూరు యార్డుకు పోయే లారీలు కట్టె మీదుగా దూసుకుపోయాయి. కాయలు పటపటా పగిలాయి. ముసలాయన తుండుగుడ్డ తలకు చుట్టి హుషారుగా చెయ్యి ఊపాడు. ఆయనలో అంత సంబరం ఈ మధ్య ఎవరూ చూడలేదు.

పొద్దు వాలుతుండగా, పాలుపోసే బుడాన్ మోటార్ సైకిల్ రాలిన గింజల మీద జర్రున జారింది. క్యాన్లు ఒకవైపు, బుడాన్ ఒకవైపు. దెబ్బలేమీ తగల్లేదు. బట్టలు దులుపుకుని, రోడ్డంతా గోలీలు పోసి పెట్టావే అని నవ్వాడు. బండి ఎక్కుతూ మాత్రం నవ్వు ఆపేశాడు.

"అది ఊరికే ఎక్కడా పడుకోదు బాబాయ్. మీ శ్రీదివ్య ఇంకా ఇంటికి రాలేదుగా?"

యలమందయ్య పొదిలి వైపు చూశాడు. మనవరాలు శ్రీదివ్య ఒక్కతే ఆయనకు మిగిలిన దిక్కు. పొదిలిలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేసి, రోజూ ఈ వేళకే స్కూటీ మీద వస్తుంది. బండెక్కిందంటే ఆ పిల్లను పట్టలేం. ఫోన్ చేశాడు. ఎత్తలేదు. బండి మీద ఉండగా ఫోన్ ఎత్తొద్దని ఆ పిల్లకు చెప్పింది ఆయనే. చీపురందుకుని ఊడ్చాడు. గింజలు ఇటు ఊడిస్తే అటు దొర్లాయి. చప్టా దాకా పరిగెత్తి స్పీడ్ బ్రేకర్‌ను బతిమాలాడు.

"తప్పయింది నాయనా. రా."

అది కదల్లేదు. ఆయన వగరుస్తూ వెనక్కి వచ్చాడు.

పొదిలి వైపు నుంచి స్కూటీ లైటు కనబడింది, దాని వెనకే లారీ. యలమందయ్య చెయ్యి ఎత్తబోయి ఆగిపోయాడు. ఏటా కందుల రోజుల్లో తాతయ్య చెయ్యి ఊపితే శ్రీదివ్య ఇంకాస్త వేగం పెంచి, కాయలు పటపటలాడిస్తూ పోయేది. ఇప్పుడు ఊపినా అదే చేస్తుంది. రమ్మనడమే తప్ప ఆగమనడం ఆ చేతికి ఎప్పుడూ అలవాటు కాలేదు.

ఇంకేమీ తోచక, కందికట్టెకు పొదిలి వైపున రోడ్డుకు అడ్డంగా పడుకున్నాడు. తారు ఇంకా వెచ్చగా ఉంది. భయమేసింది, తన కోసం కాదు. కళ్లు మూసుకున్నాడు.

వీపు కింద రోడ్డు మెల్లగా ఉబ్బింది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉబ్బి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఆయన్ని పైకెత్తింది. లైటు వెలుగు తెల్లటి పంచె మీద పడింది. స్కూటీ నెమ్మదించింది. వెనక లారీ కూడా నెమ్మదించింది.

శ్రీదివ్య దిగి, స్పీడ్ బ్రేకర్ మీద పడుకున్న తాతయ్యను ఎగాదిగా చూసింది. చినుకులు మొదలయ్యాయి.

"లే తాతయ్యా, వాన. కందులు తడిసిపోతాయి."

"తడవనియ్యవే," అన్నాడు లేవకుండానే. "నువ్వు బండి నడిపించుకుంటూ ఇంటికి పో."

ఆ పిల్ల కట్టె దాటి, సందులోకి తిరిగేదాకా ఆయన లేవలేదు. ఆయన కింద రోడ్డూ దిగలేదు.