పడవకు చిల్లు పెట్టకుండా

మామగారికి కోపం వస్తే ఇంటివరకే పరిమితం కాదు, రేవంతా వినాల్సిందే. ఆ రోజు కోడలు డ్రిల్లు పట్టుకుని పడవ షెడ్డులోకి అడుగుపెట్టగానే రేవుకి మంచి కాలక్షేపం దొరికింది.

"నా పడవకి చిల్లు పెట్టాలనుకుంటే ముందు నా గుండెకి పెట్టు!"

ఆ పడవని ఆయన తన చేతులతోనే, అల్యూమినియం రేకులు వంచి, రివెట్లు కొట్టి తయారుచేసుకున్నాడు. "ఇన్నేళ్ళలో సరస్సులో ఒక్క రాయి దీన్ని తాకలేదు" అని కొత్తగా కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు. పాతవాళ్ళకి మరోసారి చెప్పేవాడు. ఇప్పుడు మోకాళ్ళు మొరాయించాయి, పడవ ఎవరికో ఒకరికి అప్పగించాలి. కొడుకు రేవులో ఇంజన్లు బాగుచేస్తాడు గానీ పడవెక్కితే తిన్నదంతా నీళ్ళపాలే. ఇక మిగిలింది ఇద్దరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయనతోపాటు వల లాగుతున్న కోడలు ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు వచ్చి సలహాలిచ్చి పోయే మేనల్లుడు ఒకడు.

కోడలికి వల వచ్చు, ఇంజను వచ్చు, గాలి ఎటు మళ్ళుతుందో మొహానికి తగలగానే తెలుస్తుంది. తెలియనిదల్లా సరస్సు అడుగు. అది మామగారి తలలో ఉంది. తాడుకి సీసపు గుండు కట్టి వదిలి ఎన్ని బారల లోతో చెప్పేవాడు. చాలాసార్లు గుండు వదలకుండానే చెప్పేవాడు.

"అడుగు తెలియనివాళ్ళకి పడవిస్తే మునిగేది పడవ కాదు, నా పరువు. నాతో సమానంగా లోతు చెప్పు, నువ్వే సరంగువి. చెప్పలేకపోతే పడవ మేనల్లుడిది" అని తేల్చేశాడు.

అందుకే ఆమె ఫిష్ ఫైండర్ తెచ్చుకుంది. ఒక తెర, ఒక తీగ, తీగ చివర సబ్బుబిళ్ళంత ట్రాన్స్‌డ్యూసర్. ఆ బిళ్ళ నీళ్ళలోకి శబ్దం పంపిస్తుంది. శబ్దం అడుగుకి తగిలి తిరిగొస్తే ఎంత లోతో, మధ్యలో చేపలున్నాయో లేదో తెరమీద కనిపిస్తుంది. మొదట బిళ్ళని పడవ వెనక బయటివైపు తగిలించింది. పడవని రేవు రాళ్ళమీద ఈడ్చేసరికి దాని కొక్కెం పుటుక్కున విరిగింది. రేకుకి రంధ్రం చేసి బిళ్ళ బిగిద్దామంటే మామగారి గుండె అడ్డొచ్చింది.

అడకత్తెరలో పోకచెక్కలా నిలబడ్డ మొగుడు ఆ సాయంత్రం నెమ్మదిగా నోరు విప్పాడు. "లోపలే అతికిస్తే సరిపోతుంది కదా? రేకు పలచనే, శబ్దం దాటుతుంది. మధ్యలో గాలి మాత్రం చేరకూడదు. ఆవగింజంత బుడగలున్నా తెర గుడ్డిదైపోతుంది."

మర్నాడే పడవ లోపల అడుగున రంగు గీకి, రేకు తళతళలాడేదాకా రుద్ది, స్పిరిట్‌తో తుడిచింది. రెండు డబ్బాల ఎపాక్సీ జిగురు కలపడమే తరువాయి. ఆమెకి ఏ పనైనా చకచకా అయిపోవాలి. ఆమ్లెట్‌కి గుడ్లు గిలక్కొట్టినట్టు జిగురుని నురగొచ్చేదాకా గిలక్కొట్టి, బిళ్ళ అతికించి, చేతులు దులుపుకుంది.

జిగురు ఆరాక పడవని నీళ్ళలోకి దించి తెర వెలిగించారు. అడుగూ లేదు, చేపా లేదు, తెరనిండా చుక్కలే చుక్కలు. చూడ్డానికి వచ్చిన మేనల్లుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అక్కా, మాకెవరికీ పడకుండా వానంతా నీ తెరమీదే పడుతోందే!"

ఆమెకి ఏడుపొచ్చింది. షెడ్డు వెనక్కి వెళ్ళి ఏడ్చింది కూడా. పడవ పోతుందన్న బెంగ ఒకటి, ఈ నవ్వు ఇక జీవితాంతం వినాలన్న బాధ ఇంకొకటి. తర్వాత మొహం కడుక్కుని ఉలి తీసుకుంది. బిళ్ళ పగలకుండా ఊడదీయడానికి ఒక పూట పట్టింది.

ఈసారి గుడ్డిగా అతికించలేదు. పడవ నీళ్ళలో ఉండగానే ప్లాస్టిక్ సంచిలో నీళ్ళు పోసి, అందులో బిళ్ళ ముంచి, రేకుకి నొక్కిపెట్టి ఒక్కో చోటే చూసుకుంటూ పోయింది. వెనకవైపు మధ్యలో చదునుగా, అన్నింటికన్నా అనువుగా కనిపించిన చోట తెర పూర్తిగా చీకటి. జానెడు పక్కకి జరిపితే అడుగు గీత గీసినట్టు కనిపించింది. వేలి కణుపుతో కొట్టి చూసింది. అంతటా టంగుమంటున్న రేకు అక్కడొక్కచోటే దబ్బుమంది. అక్కడ ఒక రేకు కాదు, రేకుమీద రేకు ఉంది, మధ్యలో గాలి. ఎప్పుడో మాసిక వేసి పైన రంగు పూసేశారు.

తలెత్తి చూస్తే గట్టుమీద మామగారు తేలు కుట్టిన దొంగలా ఆకాశంలో మబ్బులు లెక్కపెడుతున్నాడు.

"అక్కడొద్దులే అమ్మాయ్... పక్కన బాగుంది" అన్నాడు మబ్బులతో.

ఆమె బిళ్ళని పక్కకి జరిపింది. ఎప్పుడు నోరు మూసుకుంటే పని జరుగుతుందో తెలియకుండానే అత్తింట్లో ఇన్నేళ్ళు నెగ్గుకొచ్చిందా!

పడవని మళ్ళీ షెడ్డుకి చేర్చి, ఆ పక్కనే రేకు రుద్ది ఆరబెట్టింది. జిగురు డబ్బాల్ని గోరువెచ్చటి నీళ్ళలో ఉంచి పలచబరిచింది. నిదానమే ప్రధానం అనుకుంటూ, నిద్రపోయే పసిబిడ్డ ఊయల కదిపినంత మెల్లగా కలిపింది. ఆమె జీవితంలో అంత మెల్లగా చేసిన పని అదే. పోసిన జిగురులో బిళ్ళని మెలితిప్పుతూ దించింది. చుట్టూ జిగురు పొంగింది, ఒక్క బుడగా లేవలేదు. పైన ఇటుక పెట్టి, దాన్నెవరూ తాకకుండా మొగుణ్ణి కాపలా పెట్టింది.

పరీక్షకి నలుగురూ బయల్దేరారు. ఇంజను దగ్గర కోడలు, ముందు తాడుతో మామగారు, మధ్యలో తీర్పు చెప్పడానికి మేనల్లుడు, పెళ్ళాం గెలుపు కళ్ళారా చూడాలని బకెట్‌తో సహా మొగుడు.

"నాలుగు బారలు" అన్నాడు మామగారు. తెరమీది మీటర్లని మనసులోనే బారలు చేసుకుని ఆమె కూడా నాలుగే అంది. గుండు వదిలారు. నాలుగు. రెండోచోటా ఇద్దరిదీ ఒకటే మాట. మూడోచోట ఆయన ఏడన్నాడు, ఆమె ఆరంది. తాడు ఆరు దగ్గరే వదులైంది.

"బురద పేరుకున్నట్టుంది" అంటూ తాడుని ఇంకోసారి లాగి చూసుకున్నాడు.

అక్కడినుంచి ఆయన ఎప్పుడూ ఎడమకి చుట్టు తిరిగి వెళ్ళేవాడు. ఆమె నేరుగా పోనిచ్చింది.

"అటొద్దు! అటు చేపలుండవు!"

తెరమీద అడుగు గోడలా పైకి లేస్తోంది. ఆమె వేగం తగ్గించి, వేళకి మలుపు తిప్పి, పడవని ఆ గోడ పక్కనుంచే దాటించింది. "పెద్ద బండరాయి, మామయ్యా. పడవకి అందేంత పైకుంది. మీకు తెలుసా?"

ఆయన నిట్టూర్చాడు. "తెలియకేం? దాన్ని కనిపెట్టిందే నేను. పడవతోనే కనిపెట్టాను."

మొగుడు బకెట్ సంగతి మరిచిపోయి పకపకా నవ్వాడు. మామగారు కోప్పడబోయి, తనూ నవ్వేశాడు. ఆ నవ్వు ఆగకముందే కోడలు కేక పెట్టింది. బండ అవతల తెర మధ్యలో మందపాటి గీతలు, ఒకదానిమీద ఒకటి, గుంపులు గుంపులు. సిగ్గుపడి ఆయన ఇన్నేళ్ళూ తొక్కని చోట చేపలు కాపురం పెట్టేశాయి.

వల వేశారు. లాగడానికి ముగ్గురి చేతులు చాల్లేదు, తీర్పరి కూడా చొక్కా మడిచి తాడు అందుకున్నాడు. వెండిలా మెరుస్తూ చేపలు పడవలో కుప్పబడుతుంటే ఆమెకి ఒళ్ళంతా పులకరించింది. ఈ అడుగు ఇక తనది.

"మరి పడవ సంగతి, మామయ్యా?" అన్నాడు మేనల్లుడు వగరుస్తూ.

"ఇంకా సంగతేమిట్రా? వల బాగానే లాగుతున్నావు. పనిలో పెట్టుకుంటుందేమో సరంగునే అడుగు."

రేవు దగ్గరపడింది. గట్టుమీద జనం పోగయ్యారు. మామగారు మోకాళ్ళు పట్టుకుని ముందు కూర్చున్నాడు. అలవాటుకొద్దీ ఇంజను ఎలా తగ్గించాలో చెప్పడానికి వెనక్కి తిరిగి, నోరు తెరిచాడు.

"మామయ్యా, గట్టుకి తాడు విసరండి" అంది కోడలు.

ఆయన తెరిచిన నోరు మూసుకుని, లేచి, విసిరాడు.