ఆమె నొక్కిన ముద్ద

జిగురాయన గోధుమపిండి ముద్దను సన్నటి కుళాయి ధార కింద పట్టుకుని మెల్లగా పిసుకుతున్నాడు. పాలలాంటి గంజినీళ్ళు వేళ్ళ సందుల్లోంచి జల్లెడలోకి జారిపోతున్నాయి. పిండిమిల్లు పరీక్షగదిలో పిండికి జిగురెంతుందో తేల్చే ఈ పనే వయసంతా చేశాడు కాబట్టి అసలు పేరు పోయి ఈ పేరు మిగిలింది. వేళ్ళ చర్మం ఎప్పుడు చూసినా నానిపోయి ముడతలు పడి ఉంటుంది.

పొడిగా ఉన్నంతసేపు పిండిలోని మాంసకృత్తులు దేనికదే. నీళ్ళు తగిలి, చేతి ఒత్తిడి పడ్డాక ఒకదాన్నొకటి పట్టుకుని గొలుసులు కడతాయి. గంజంతా కొట్టుకుపోయాక అరచేతిలో మిగిలే జిగురుముద్ద ఆ గొలుసులే. వెంటనే లాగితే తెగుతుంది. కాసేపు నీళ్ళలో ఉంచితే బిగువు సర్దుకుని చక్కగా సాగుతుంది. తొందరపడకూడదన్నది ఈ పనిలో మొదటి పాఠం. పాపం, ఆయన దాన్ని బతుకంతటికీ వాడేశాడు. చెల్లెలు సంబంధాలు తెచ్చినప్పుడల్లా "చూద్దాంలే" అన్నాడు. చూస్తూ ఉండగానే జుట్టు నెరిసింది. ఇప్పుడు గదికి వెళ్తే తాళం చప్పుడు తప్ప పలకరించేది లేదు.

మిల్లులో సంచులు కుట్టే ఆవిడ మధ్యాహ్నం డబ్బా తెచ్చుకుని ఆయన బల్ల దగ్గరే తినేది. భర్త పోయిన మనిషి. తిన్నాక జిగురుముద్దను బొటనవేలితో నొక్కేది. గుంట మెల్లగా పూడి, ముద్ద మళ్ళీ నున్నగా అయ్యేది.

"అచ్చం మీలాగే. ఎంత నొక్కినా ఏమీ బయటపడనివ్వదు," అని నవ్వేది. ఆ నవ్వు కోసమే ఆయన రోజూ ఒక ముద్ద ఎక్కువ కడిగేవాడు.

పోయిన వారం ఆవిడ నవ్వకుండా అడిగింది. "మా అక్క వాళ్ళ ఊరొచ్చి తన దగ్గరే ఉండమంటోందండీ. ఏం చేయమంటారు?"

వెళ్ళొద్దని చెప్పడానికి ప్రాణం కొట్టుకుంది. ఈ వయసులో నలుగురూ నవ్వుతారని భయమూ వేసింది. "చూద్దాం, తొందరేముంది?" అని నీళ్ళు నమిలాడు.

ఆవిడ ప్రయాణం ఇవాళే. ఎలాగైనా చెప్పేయాలని పొద్దుటి నుంచీ ధైర్యం కూడగట్టుకుంటున్నాడు. ఆ ధ్యాసలో, ఆమె కోసం కడిగిన ముద్దను గోరువెచ్చని నీళ్ళలో వేసి మరిచేపోయాడు.

సాయంత్రం ఆవిడ భుజాన సంచీతో గుమ్మంలో నిలబడింది. "వెళ్తున్నానండీ. బండి వచ్చేసింది."

"ఒక్క నిమిషం... ముద్దను ఇంకాస్త నాననివ్వండి."

"మీ ముద్దలు ఎప్పటికి నానాలి లెండి!" అంటూ దాన్ని తీసి పళ్ళెంలో పెట్టి, అలవాటుగా బొటనవేలితో నొక్కింది. ఇద్దరూ చూశారు. గుంట పూడలేదు. అతిగా నానిన ముద్దకు తిరిగి లేచే బిగువు ఉండదు.

"అయ్యో, దీని పనైపోయిందే," అంది. తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది.

"జాగ్రత్తగా వెళ్ళండి," అన్నాడాయన.

ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. బండి కదిలిన చప్పుడు వినిపించాక, "ఉండిపోండి," అన్నాడు, పక్కనున్న కుళాయికి మాత్రమే వినబడేలా. ఏడుపొచ్చింది. తడి చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

ముద్దను పారేయబుద్ధి కాక, ఆరబెట్టే పెట్టెలో సన్నటి వేడి మీద ఉంచాడు. వేడికి ఆ గొలుసులు బిగుసుకుపోతే ఇక సాగడమూ ఉండదు, మారడమూ ఉండదు. అందరూ వెళ్ళాక బయటికి తీసి, బల్ల మీద పెట్టి, దీపం ఆర్పి తాళం వేసుకున్నాడు. ఆవిడ డబ్బా పెట్టుకునే చోట ఎండి గట్టిపడ్డ జిగురుముద్ద, దాని నడుమ చిన్న బొటనవేలి గుంట.