నాలుక కింది తీగ

పిల్లలూ, ఒక ప్రశ్న. రెండు కొసలూ బిగించి కట్టిన తీగను మీటితే అది ఎక్కడ ఎక్కువగా ఊగుతుంది? కొస దగ్గరా, నడుమనా? తొందరపడి చేతులెత్తకండి. బట్టలారేసే తాడును తలుచుకోండి. మేకు దగ్గర ఎంత లాగినా అది కదలదు. నడుమ మాత్రం పిట్ట వాలినా ఊగిపోతుంది. సరే, ఇది మనసులో పెట్టుకుని వినండి. ఈ కథలో ఆవిడకు ఈ సంగతి మీకంటే బాగా తెలుసు. తెలిసీ ఏళ్ళ తరబడి పొరపాటు చేసింది.

ఆవిడ ఎలక్ట్రిక్ గిటార్లకు పికప్‌లు చుట్టేది. పికప్ అంటే గిటారు చెవి అనుకోండి. గిటారు పొట్ట మీద, తీగల కింద, అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగ్గా ఒక దిమ్మ ఉంటుంది. అందులో ఆరు అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుక కంటే సన్నని రాగి తీగ కొన్ని వేల చుట్లు. పైన ఇనప తీగ ఊగితే కింద రాగి చుట్టలో సన్నగా కరెంటు పుడుతుంది. అదే స్పీకరులోకి వెళ్ళి పాటై బయటికొస్తుంది. మామూలుగా గిటారుకు రెండు చెవులుంటాయి. తీగలు బిగించిన కొస దగ్గర ఉండేదానికి ఊపు తక్కువ అందుతుంది. అందుకే దాని గొంతు సన్నగా, చురుగ్గా ఉంటుంది. మెడ, అంటే వేళ్ళతో తీగలు నొక్కే పొడుగు కర్ర, దగ్గర ఉండేదానికి ఊపు ఎక్కువ. దాని గొంతు గుండ్రంగా, నిండుగా ఉంటుంది.

వీధిలో అందరూ ఆవిడను చుట్టలావిడ అనేవాళ్ళు. ఒకసారి ఎవరో ముసలాయన ఆ పేరు విని, ఆయాసపడుతూ రెండంతస్తులూ ఎక్కొచ్చి, "ఘాటైనవి ఓ అరడజను ఇవ్వమ్మా" అన్నాడు. ఆవిడ నవ్వనూ లేదు, కసరనూ లేదు. తలుపు వైపు వేలు చూపించింది. ఆ వేలితో సరిపోయే చోట నోరు వాడేది కాదావిడ.

రోజూ పొద్దున పళ్ళు తోముకున్నాక అద్దం ముందు నిలబడి నాలుక పైకెత్తేది. దాని కింద రాగి తీగ కొస తళుక్కుమనేది. రెండు వేళ్ళతో పట్టుకుని, తెగకుండా నెమ్మదిగా లాగుతూ రీలుకు చుట్టుకునేది. ముందు రోజు అనకుండా మింగేసిన మాటలన్నీ అలా వచ్చేవి. ఎన్ని మింగితే అంత పొడుగు. పైన లేత తేనె రంగు పూత కూడా దానంతటదే పట్టి ఉండేది. పళ్ళ డాక్టరు చూసి, "పళ్ళకేమీ ఇబ్బంది లేదమ్మా, రోజూ తీసేస్తూ ఉండండి, లోపల చిక్కుపడితే కష్టం" అన్నాడు. కింద లాండ్రీ అతనైతే సోమవారం పొద్దున ఇస్త్రీ ఆపకుండానే, "నిన్న ఆదివారం కదమ్మా, రెండు రీళ్ళ తీగ వచ్చుంటుందే" అని పలకరించేవాడు. ఆవిడ తలూపేది. "అవునండీ" అనే మాట కూడా మింగేది. అదీ మర్నాటి తీగలోకే.

ఒక్కో పికప్‌కి కిలోమీటరు పైచిలుకు తీగ కావాలి. పది పన్నెండు రోజుల మౌనం అన్నమాట. ఆ తీగతో చుట్టిన పికప్‌లకు మంచి పేరుండేది. ఎక్కడెక్కడి వాళ్ళో వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. మెడ దగ్గరి వాటి గురించి మాత్రం ఒక గొణుగుడు వినిపించేది. "లోతు బాగుందండీ. కానీ మాట నోట్లో నానుతున్నట్టుంది" అనేవాళ్ళు. వాయించడం చేతకాక అలా అంటారని ఆవిడ అనుకునేది. కొసదైనా మెడదైనా ఎనిమిది వేల చుట్లు. ఒక్క చుట్టు తగ్గించినా సగం పని చేసి వదిలేసినట్టు అనిపించేది.

ఒక మధ్యాహ్నం గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడింది, భుజాన గిటారుతో.

"పెద్దమ్మా, నేనే."

పదకొండేళ్ళ కిందట చూసిన పిల్ల. చెల్లెలి కూతురు. అప్పట్లో రెండు జడల్లో ఒకటి ఎప్పుడూ ఊడిపోయి ఉండేది. ఇప్పుడు జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది.

"మీ అమ్మకి తెలుసా?" అంది ఆవిడ. గొంతు బొంగురుగా వచ్చింది, వాడకం లేక.

"తెలీదు. చెబితే రానిచ్చేదా?" అంటూ అమ్మాయి అడక్కుండానే స్టూలు లాక్కుని కూర్చుంది. "ఇంకో మూడు వారాల్లో రికార్డింగ్ స్టూడియోలో వాయించేవాళ్ళ ఎంపిక ఉంది. ఒక్కళ్ళకే చోటు. ఇది పనికిరాదని మా మాస్టారే తేల్చేశారు. విను." మెడ దగ్గరి పికప్ మీద ఆరు తీగలూ కలిపి మీటింది. "చూశావా? ఒకే దుప్పట్లో ఆరుగురు దూరినట్టుంది. ఎవరి కాలు ఎవరిదో తెలీదు. నాకు వెచ్చగానే ఉండాలి, కానీ ఆరు తీగలూ ఆరుగురు మనుషుల్లా వినిపించాలి."

ఆవిడ గిటారును ఒళ్ళోకి తీసుకుని మెడ దగ్గర తీగల ఎడం స్కేలుతో కొలిచింది. కొస దగ్గర తీగలు ఎడంగా ఉంటాయి, మెడ వైపు దగ్గరవుతాయి. అందుకని దిమ్మ కొంచెం పొట్టిగా కోయాలి. పిల్ల వేళ్ళు చూసింది. తేలిక చెయ్యి. గట్టి అయస్కాంతం పెడితే తీగను లాగి పట్టేస్తుంది, ఊగనివ్వదు. లాగుడు తక్కువవి ఏరి పెట్టింది. దిమ్మ కోసం నల్లటి గట్టి అట్టను రంపంతో కోసి, అంచులు గీకి, చిల్లులు వేసి, ఆరు అయస్కాంతాలనూ ఒక్కొక్కటిగా దిగ్గొట్టింది.

ఆ పని జరిగిన నాలుగు రోజులూ అమ్మాయి వస్తూనే ఉంది. వసపిట్ట. మాస్టారి మీద చాడీలు, బస్సులో పోగొట్టుకున్న గొడుగు, ఆరునెలలుగా మాట్లాడని స్నేహితురాలు, అన్నీ చెప్పేది. మధ్యలో "నువ్వేమంటావ్ పెద్దమ్మా?" అని ఆగేది. అడిగాక ఏదో ఒకటి అనాలి కదా. ఆవిడ అనేది. ఒకటి రెండైంది, రెండు పదైంది. ఐదో రోజు పొద్దున నాలుక ఎత్తి లాగితే తీగ బెత్తెడు కూడా రాలేదు.

ఉన్న రీళ్ళన్నీ పాత పికప్‌లకే అయిపోయాయి. ఇలాగైతే ఈ పిల్ల ఎంపిక గంగలో కలిసినట్టే. ఆ మధ్యాహ్నం గుమ్మంలోనే చెప్పేసింది.

"నువ్వొస్తుంటే పని కావడం లేదు. పన్నెండు రోజులు రావద్దు."

అమ్మాయి మొహం చిన్నబోయింది. "సరే పెద్దమ్మా" అని, ఒక్కో మెట్టే దిగి వెళ్ళిపోయింది.

ఆ పన్నెండు రోజులూ తీగ బాగా వచ్చింది. ఎన్నడూ రానంత వచ్చింది. మధ్యాహ్నం మూడయ్యేసరికి చెయ్యి దానంతటదే స్టూలు వైపు వెళ్ళేది, దుమ్ము తుడవడానికి. లాండ్రీలో ఎవరో నవ్వితే కిటికీ దాకా వెళ్ళొచ్చేది. "గొడుగు దొరికిందా?" అని అడగాలనిపించేది. ఎవర్ని అడగాలి? మింగేది. పొద్దున్నే అది రీలు మీద ఉండేది.

పదమూడో రోజు అమ్మాయి వచ్చింది. ఎంపిక ఎల్లుండే. ఈసారి నోటికి తాళం వేసుకుని స్టూలు మీద ఒద్దికగా కూర్చుంది. ఆవిడ దిమ్మను యంత్రానికి తగిలించి, తీగ కొస అంటించి, చక్రం తిప్పడం మొదలెట్టింది. కుడి చేత్తో చక్రం, ఎడమ చేతి రెండు వేళ్ళ మధ్య తీగ. లెక్క మనసులోనే. వంద చుట్లకు ఒకసారి చక్రం ఆపి, ఒక గుండీ ఈ పళ్ళెంలోంచి ఆ పళ్ళెంలోకి వేసేది. యాభై రెండు గుండీలు పడ్డాయి.

"పెద్దమ్మా," అంది అమ్మాయి మెల్లగా, "అమ్మా నువ్వూ ఎందుకు మాట్లాడుకోరు?"

గుండీ వేస్తున్న చెయ్యి గాల్లోకి లేచింది. అరచెయ్యి ముందుకు. ఆగు, లెక్కలో ఉన్నాను అని. ఎవరు మాట్లాడించినా ఆవిడ చేసేది అదే. కానీ ఈసారి ఆవిడ తన చెయ్యిని తనే చూసింది, ఎవరి చెయ్యో అన్నట్టు. చక్రం జోలికి పోలేదు.

"ఆ రోజు కూడా ఇలాగే ఎత్తాను," అంది. "మీ అమ్మ ఆ గుమ్మంలో నిలబడింది. 'అక్కా, అమ్మకు బాలేదు, నిన్ను అడుగుతోంది, రా' అంది. నేను ఆరువేల మూడువందల దగ్గర ఉన్నాను. చెయ్యెత్తాను. అది నిలబడింది. నేను ఎనిమిది వేలూ పూర్తి చేసేదాకా అలాగే నిలబడింది. పావుగంట. మేం వెళ్ళేసరికి అమ్మ లేదు."

"మా అమ్మ అరవచ్చు కదా? చెయ్యి పట్టుకుని లాగొచ్చు కదా?"

"అక్క చెయ్యెత్తితే ఆగడం దానికి చిన్నప్పటి అలవాటు. రోడ్డు దాటేటప్పుడు నేనే నేర్పాను." ఆవిడ ఎత్తిన చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకుంది. "తర్వాత అది నాతో మాట్లాడలేదు. నేనూ పలకరించలేదు. ఏ మొహం పెట్టుకుని?"

ఆవిడ చెబుతున్నంతసేపూ రీలు మీద తీగ తరుగుతూ పోయింది. ఒక్కో మాటకు ఒక్కో పొర. చెప్పడం అయ్యేసరికి బోడి రీలు మిగిలింది. దిమ్మ మీద అప్పటికే చుట్టిన ఐదు వేల రెండు వందల చుట్లు మాత్రం అలాగే ఉన్నాయి.

"అయ్యయ్యో, నా వల్లే!" అమ్మాయి లేచి నిలబడింది. "ఇప్పుడెలా?"

"ఎలా ఏముంది? ఉన్నదే పెడదాం."

కొసలకు టంకం వేసి, కరిగిన మైనంలో ముంచి తీసి, చల్లారాక గిటారులో బిగించింది. చేస్తున్నంతసేపూ సగం ఉడికిన అన్నం వడ్డిస్తున్నట్టు సిగ్గుపడింది. అమ్మాయి మీటింది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. గుండ్రంగా, వెచ్చగా, ఆరు తీగలూ ఆరు గొంతులతో విడివిడిగా పలికాయి.

మరి చెప్పండి, ఎందుకలా? మెడ దగ్గర తీగే అంత ఊగుతుంటే చుట్టకు అన్ని చుట్లు దేనికి? ఊపు తక్కువున్న చోట చుట్లు ఎక్కువ కావాలి, ఊపు ఎక్కువున్న చోట తక్కువ చాలు. ఎక్కువ చుడితే మాట మసకబారుతుంది. ఇన్నేళ్ళూ ఆవిడ తను మింగిందంతా తీసుకెళ్ళి ఆ చెవిలో కుక్కింది.

మర్నాడు పొద్దున నాలుక కింద ఏమీ లేదు. ఆ తర్వాత రోజూ లేదు. లాండ్రీ అతను పైకి చూసి, "బజార్లో తీగ దొరుకుతుంది లేమ్మా" అన్నాడు, ఓదార్పుగా. ఆవిడ వెళ్ళి కొనుక్కొచ్చింది. పొద్దున్నే అద్దం ముందు నిలబడటానికి పని లేకపోయింది. ఇంతకు ముందు ఒంటరితనానికి తీగైనా మిగిలేది. ఇప్పుడు అదీ లేదు, వట్టి గది మిగిలింది.

నాలుగో రోజు అమ్మాయి రొప్పుతూ వచ్చింది. స్టూడియో వాళ్ళు తననే తీసుకున్నారని ఒక్క ముక్కలో చెప్పేసి, సంచిలోంచి బరువైన బిస్కెట్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"నిన్న ఇంట్లో వాయిస్తుంటే అమ్మ పక్క గదిలోంచి వచ్చింది. ఎవరు చుట్టారని అడగలేదు. 'మా అక్క' అంది. తర్వాత బీరువా మీంచి ఇది దింపి నా చేతిలో పెట్టింది."

"ఏమైనా చెప్పమందా?"

"ఏమీ చెప్పలేదు. అందుకే కదా డబ్బా నిండింది."

ఆవిడ మూత తీసింది. లోపల రీళ్ళు, ఒకదాని పక్కన ఒకటి, సర్ది పెట్టిన రాగి తీగ. ప్రతి రీలు మీదా చిన్న కాగితం, కాగితం మీద సంవత్సరం, చెల్లెలి గుండ్రటి చేతిరాత. పదకొండు రీళ్ళు. ఒకదాని కొస తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది. తన తీగ కంటే సన్నం. ఎంత సన్నమైతే రీలులో అన్ని ఎక్కువ మాటలు పడతాయి.

"నన్ను తిట్టడానికి ఇంత అక్కర్లేదే," అంది మెల్లగా. "తిట్టాలనుకుంటే అది ఆ రోజే తిట్టేసేది."

"జ్వరమొస్తే ఒకటే పలవరిస్తుంది పెద్దమ్మా. 'గట్టిగా పిలవాల్సింది, నేను గట్టిగా పిలవాల్సింది' అని. ఎవర్ని పిలవాల్సిందో నాకు మొన్నటిదాకా తెలీదు."

ఆవిడ డబ్బా మూత పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. చెప్పులేసుకుని, డబ్బా చంకలో పెట్టుకుని, "మీ ఇంటికి ఏ బస్సెక్కాలి?" అని అడిగింది. చెల్లెలు ఇల్లు మారి తొమ్మిదేళ్ళైంది. ఆ సంగతి కూడా ఆవిడకు తెలీదు.

బస్సులో అమ్మాయి వెనక సీట్లో ఉంది, ఆవిడ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చుంది. పక్క సీటులో మనిషి టైమెంతని అడిగితే చెప్పింది, చెప్పి ఆగకుండా, "మా చెల్లెలి ఇంటికి వెళ్తున్నానండీ" అని కూడా అంది. ఆ మనిషి అడగలేదు పాపం.

చెల్లెలే తలుపు తీసింది. అక్క చంకలో డబ్బా చూసింది. పక్కకు జరిగి దారిచ్చింది. అమ్మాయిని గిటారుతో సహా మేడ మీదికి తరిమేసి తలుపు మూసుకున్నారు కాబట్టి, ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలీదు. మర్నాడు పొద్దున డబ్బాలో పదకొండు బోడి రీళ్ళున్నాయనీ, ఆ ఇంట్లో ఎవరి నాలుక కిందా తీగ లేదనీ మాత్రం అమ్మాయి చెప్పింది.

ఇక లేవండి, నన్నూ లేవనివ్వండి. బటాణీలు సగమే ఒలిచాను, మిగతావి వంటింట్లో అలాగే ఉన్నాయి.