మంగవ్వ ఇంటి విత్తనం

ఎల్లారెడ్డి పట్నానికి నాలుగు మైళ్ళ దూరంలోని ఆ ఊళ్ళో ఎవరింట జొన్న విత్తనం తక్కువైనా మంగవ్వ గడపకే వచ్చేవాళ్ళు. చేలోనే మంచి కంకులు ఏరి, ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి కుండలో పోసి, మూతికి పేడ మెత్తడం ఆమెకు అత్త నేర్పిన పని. ఆమె చేతి విత్తనం మొలవకపోవడం ఊరెరగదు.

ఆ ఏడు పంట ఇల్లు చేరిన వారానికే ఆమె పెనిమిటి పర్శరాములు పోయాడు. ఆ ఊరి ఆచారంలో భర్త పోయిన మనిషి ఏడాది తిరిగేదాకా విత్తనం ముట్టుకోదు. దినాలకు వచ్చిన చుట్టాల గడబిడలో తోడికోడలు ఎంకవ్వే జొన్నలు కుండలో పోసి మూసింది. ఎండబెట్టావా అని మంగవ్వ అడగలేదు. ఆ రోజుల్లో ఆమె ఏదీ అడగలేదు. పెడితే తిన్నది, పడుకొమ్మంటే పడుకున్నది.

మృగశిర కార్తె వచ్చింది. బడి తెరిచారు. ఒక పొద్దున ఎదురింటి తాహేరా రుమాలు పట్టుకుని వచ్చింది. ఏడో తరగతి పిల్ల.

"అవ్వా, నూరు జొన్నలియ్యవా? సారు తలా ఒక ఇంటి విత్తనం తెమ్మన్నడు. తడిగుడ్డల కట్టి, ఐదు దినాలకు ఎన్ని మొలిసినయో లెక్కవెట్టాలె."

"నా విత్తనానికి పరీక్షనా? మీ సారుకు వేరే పని లేదా?"

"పరీక్ష మాకే అవ్వా, జొన్నలకు కాదు."

"నేను ముట్టరాదు. నువ్వే తీసుకో."

పిల్ల కుండ మూత పగలగొట్టగానే ముక్కవాసన వచ్చింది. వచ్చిందని మంగవ్వకు తెలిసింది. అంతే.

ఆరో రోజు తాహేరా తల వంచుకుని వచ్చి రుమాలు విప్పింది.

"పదకొండే మొలిసినయ్ అవ్వా."

"మల్ల లెక్కవెట్టు."

మళ్ళీ పదకొండే. మిగిలినవాటికి నల్లగా బూజు పట్టింది.

"బోర్డు మీద అన్ని ఇండ్ల పేర్లు రాసినం. నీది రాయలే," అన్నది పిల్ల గుసగుసగా. "మా అమ్మ విత్తనం ఇంకో పిల్ల కట్టింది, తొంబై రెండు మొలిసినయ్. నీ పేరు మీద అవే పెడ్త. ఎవలకు ఎర్కైతది?"

మంగవ్వ ఆ గింజల వైపు చూస్తూ కూర్చుంది. మొన్న వాన పడింది. నేడో రేపో ఆడవాళ్ళు విత్తనానికి చాటలు పట్టుకుని వస్తారు. విత్తింది మొలవకపోతే మళ్ళీ విత్తడానికి భూమిలో తడి ఉండదు. ఇదంతా ఆమెకు తెలుసు. రావలసిన సిగ్గు మాత్రం ఎంత వెతికినా లోపల దొరకలేదు.

లేచి, కొంగు సర్దుకుని, పిల్ల వెంట బడికి నడిచింది. సిద్దిరాములు సారు కుర్చీలోంచి లేచాడు.

"సారూ, నా ఇంటి పేరు రాయుండ్రి. పదకొండు."

"ఊరంత తెలుస్తది మంగవ్వా. వద్దంటే ఇడిసిపెడ్త."

"తెల్వాలనే వచ్చిన."

ఆమెకు చదువు రాదు. సుద్దముక్క చప్పుడు ఆగేదాకా నిలబడి ఇంటికి వచ్చింది.

పొద్దు గూకకముందే భూమక్క ఖాళీ చాటతో వచ్చింది.

"పిల్లలు ఏందేందో అంటున్నరు. గుడ్డల మొల్వకుంటేంది, మన్నుల మొలుస్తయ్. నీ ఇంటియి గదా, ఇయ్యి."

"మొల్వయ్ భూమక్కా. బర్లకు పెడ్త."

"మరి నేనెవలింటికి పోవాలె?"

"అజ్మత్ బీ కాడికి. తాహేరా వాళ్ళమ్మ. తొంబై రెండు మొలిసినయట."

"మరి నువ్వు?"

"నేను గూడ ఆడికే."

మర్నాడు అజ్మత్ బీ వాకిట్లో ఆడవాళ్ళు బారు కట్టారు. మంగవ్వ అందరికంటే వెనక నిలబడింది. ఆమె ముట్టరాదు గనుక గంప పట్టుకుని ఎంకవ్వ పక్కన నిలబడింది. అజ్మత్ బీ చూసి, గింజలు కొలిచే మానిక కింద పెట్టేసింది.

"అక్కా, ముంగటికి రా. నిన్ను వెనక నిలవెట్టి నేనియ్యాల్నా?"

"వరుసల రానీ."

వాళ్ళ వంతు వచ్చేసరికి ఎండెక్కింది. అజ్మత్ బీ మానికతో పోస్తుంటే ఎంకవ్వ చేతిలో గంప పక్కకు ఒరిగింది.

"ఆ దినం ఎండవెట్టిన్నో లేదో నాకు యాదికే లేదక్కా," అంటూ ఏడుపు అందుకుంది.

మంగవ్వ ఆమె ముఖం చూడలేదు.

"గింజలు కింద వడ్తున్నయ్," అన్నది. "గంప సక్కగ పట్టు."