సత్తెమ్మ అంతస్తు

నాలుగో అంతస్తు తుడవడం ముగించి చంద్రమ్మ బకెట్టు ఎత్తుకుంది. ఐదో అంతస్తు సత్తెమ్మది. నెల రోజులుగా అదీ చంద్రమ్మే తుడుస్తోంది. నాలుగడుగులు వేస్తే సత్తెమ్మకు ఆయాసం. ఆ సంగతి సూపర్‌వైజర్ నరేందర్‌కు తెలిస్తే పనిలోంచి తీసేస్తాడని ఇద్దరికీ భయం.

ఈ అద్దాల మేడ లేచిన చోటే, గోపన్‌పల్లి గుట్టల నడుమ పల్లంలో, ఒకప్పుడు మూడు ఉన్ని మిల్లులుండేవి. కురుమల గొర్రెల బొచ్చు బండ్లమీద వచ్చేది. వాగునీళ్లలో కడిగి, వడికి, నేసిన దుప్పట్లు దవాఖానలకూ పోలీసు లైన్లకూ పోయేవి. సత్తెమ్మ ఉన్ని ఏకే యంత్రం దగ్గర, చంద్రమ్మ బొచ్చు ఏరే చోట పనిచేసేవాళ్లు. బయటినుంచి చవక దుప్పట్లు దిగాక మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. వాగు పూడింది, భూములు అమ్ముడుపోయాయి. బొచ్చు దుమ్ము మాత్రం సత్తెమ్మ రొమ్ములో ఉండిపోయింది.

మధ్యాహ్నం సెల్లార్‌లో, పనివాళ్ల గదిలో, సత్తెమ్మ గోడకానుకుని కూర్చుంది. పెదవులు నల్లబడ్డాయి. అన్నం ముట్టలేదు.

"దవాఖానకు పోదాం పా అక్కా. సార్‌కు నేను జెప్త."

"ఏమని జెప్తవే, నాకు చాతనైతలేదనా? జర సేపు పంట. గీ జనరేటర్ సప్పుడు మన మిల్లు లెక్కనే ఉంటది. మంచిగ నిద్ర వడ్తది."

"పొద్దుగూకినంక పోవుడే ఇగ. నేను ఇనను."

"సరే తియ్. నువ్వు వొయ్యి నా ఫ్లోర్ జూడు."

చంద్రమ్మ పాతచీర మడిచి ఆమె తలకింద పెట్టి పైకి వెళ్లింది. కంప్యూటర్ల ముందున్న పిల్లలు కాళ్లెత్తి దారిచ్చారు. సగం తుడిచేసరికి మనసు నిలవక కిందికి దిగింది. సత్తెమ్మ అలాగే ఒత్తిగిలి ఉంది.

"అక్కా, లే. చాయ్ దాగుదువు."

భుజం మీద చేయి వేసింది. కదలలేదు.

కబురందుకుని వచ్చిన కొడుకు ఓంకార్ అంబులెన్సులో తల్లి శవం పక్కన ఎక్కాడు. అది గేటు దాటేదాకా నరేందర్ నిలబడి చూశాడు.

"నువ్వు గూడ ఇంటికి పో అమ్మా."

"ఆమె ఫ్లోర్ సగమే అయింది సార్."

"నాకు ఎర్కనే. నెలసంది నువ్వే జేస్తున్నవ్."

చంద్రమ్మ అతని ముఖంలోకి చూసింది.

"ఎర్కుంటే, పని పోదని ఆమెకు ఒక్క మాట జెప్పకపోతివి సార్."

చంద్రమ్మ చీర మార్చుకోవడానికి గదిలోకి వెళ్లింది. మిల్లులో జుట్టుకు బొచ్చు అంటకుండా గుడ్డ కట్టిన అలవాటు సత్తెమ్మకు ఇక్కడా పోలేదు. పొద్దున ఉతికి గొట్టం మీద ఆరేసిన ఆ తలగుడ్డ ఎండిపోయి ఉంది, ముడివేసే చోట నలిగిన మడతతోనే.